తెర వెనుక కూర్చుని... రాయి పుట్టుక చెప్పింది!

ఎండాకాలంలో పరకాల వైపు వెళితే ఏదో ఒక వీధిలో బోరు బండి చప్పుడు వినిపిస్తుంది. ఇంటిల్లిపాదీ పనులు మానేసి వాకిట్లో నిలబడతారు. ముందు ఎర్రమట్టి వస్తుంది. తర్వాత మొరం. ఆ తర్వాత బూడిదరంగు దుమ్ము లేస్తుంది. అంటే గ్రానైటు తగిలిందన్నమాట. నడుమ ఎక్కడైనా దుమ్ము రంగు మారి నల్లగానో, పచ్చగానో వస్తే బోరు మేస్త్రీ చిటికెడు తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. ఇంటావిడకు మాత్రం ఆ దుమ్ముతో పనేముంది? చుక్క నీరు పడితే చాలు!

నిజానికి ఆ చిటికెడు దుమ్ములో పెద్ద కథే ఉంటుంది. కింద ఉన్న రాయి ఏమిటి, అది నిప్పులో పుట్టిందా, నీటిలో పుట్టిందా, పుట్టాక దానికి ఏమేం కష్టాలు వచ్చాయి... అన్నీ అందులోనే ఉంటాయి. చదవడం వచ్చినవాళ్లు ఉండాలి, అంతే.

ఈ విద్య ఆడవాళ్లకు మరీ కొత్తదేం కాదు. చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరని ఇల్లాలు ఒకప్పుడు ఉండేదా? తెల్ల బియ్యంలో తెల్ల రాయిని పట్టుకోవాలంటే రంగు ఒక్కటీ చూస్తే సరిపోదు. మెరుపు చూడాలి. అంచు చూడాలి. వేలికి తగిలే గరుకు చూడాలి. రాళ్లలో ఖనిజాలను గుర్తుపట్టేవాళ్లు చేసేదీ ఇంచుమించు అదే.

ఆ పనిలో ఆరితేరి, మగవాళ్లు పొరబడినచోట రాయి అసలు పుట్టుక ఏమిటో నిరూపించిన ఒక మహిళ ఉంది. పేరు ఫ్లోరెన్స్ బాస్కమ్. ఊరు మనది కాదు, అమెరికా. ఆమె చదువుకున్న తీరు వింటే మాత్రం ఏ ఊరి ఆడపిల్లకైనా ఇది తన కథే అనిపిస్తుంది.

అమ్మా నాన్నా అండగా...

ఫ్లోరెన్స్ 1862 జూలై 14న మసాచుసెట్స్ రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్‌లో పుట్టింది. తండ్రి జాన్ బాస్కమ్ కాలేజీలో ప్రొఫెసరు. తల్లి ఎమ్మా టీచరుగా పనిచేసి, తర్వాత ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని ఉద్యమించిన మనిషి. అప్పటికి అమెరికాలో ఆడవాళ్లకు దేశమంతటా ఓటు హక్కు రావడానికి ఇంకా యాభై ఎనిమిదేళ్లు పడుతుంది. అలాంటి రోజుల్లో ఆ ఇంట్లో కూతురి చదువు గురించి వాదన ఉండేది కాదు. చదవాలి, అంతే!

1874లో తండ్రి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యాడు. కుటుంబం మాడిసన్ పట్నానికి మారింది. ఫ్లోరెన్స్ అక్కడే కాలేజీలో చేరింది. పేరుకు అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే చోటే. కానీ లైబ్రరీకి ఆడపిల్లలు ఎప్పుడంటే అప్పుడు వెళ్లడానికి వీల్లేదు. క్లాసు మగపిల్లలతో నిండిపోతే ఆడపిల్లలకు చోటుండదు. అధ్యక్షుడి కూతురైనా మినహాయింపు లేదు. ఆ కట్టుబాట్ల మధ్యే ఆమె 1882లో రెండు డిగ్రీలు, 1884లో సైన్సు డిగ్రీ పూర్తిచేసింది. 1887లో మాస్టర్స్ కూడా అయింది.

భూగర్భశాస్త్రం మీద ఆమెకు మనసు పడ్డది తండ్రితో కలిసి చేసిన ఒక ప్రయాణంలో అంటారు. తండ్రి స్నేహితుడు ఎడ్వర్డ్ ఆర్టన్ భూగర్భశాస్త్రవేత్త. ఆయనతో కలిసి ఊళ్లు తిరుగుతూ, కనిపించిన కొండ గురించి, లోయ గురించి వింటూ వచ్చిందట. మనం రైల్లో పోతూ కిటికీలోంచి చూసే కొండకు కూడా ఒక చరిత్ర ఉంటుందని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది.

వెంట్రుక కంటే పలచగా రాయి!

విస్కాన్సిన్‌లో ఆమెకు పాఠాలు చెప్పిన రోలండ్ ఇర్వింగ్, చార్లెస్ వాన్ హైజ్ ఇద్దరూ ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన పద్ధతిలో నిపుణులు. మైక్రోస్కోపు కింద రాయిని చూడటమే ఆ పద్ధతి.

రాయిని మైక్రోస్కోపులో చూడటమేమిటి, కాంతి ఎలా దూరుతుంది అంటారా? అక్కడే ఉంది కిటుకు. రాతి ముక్కను కోసి, గాజు పలకకు అతికించి, అరగదీసి అరగదీసి మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల మందానికి తెస్తారు. అంటే 0.03 మిల్లీమీటర్లు. తల వెంట్రుక కంటే పలచన! అంత పలచనైతే నల్లరాయి కూడా చాలావరకు అద్దంలా వెలుతురును పోనిస్తుంది. ఒకే దిశలో కంపించే కాంతిని దాని గుండా పంపి, పలకను తిప్పుతూ చూస్తే ఒక్కో ఖనిజం ఒక్కో తీరుగా కనిపిస్తుంది. క్వార్ట్జు బూడిద, తెలుపు రంగుల్లో వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. ఎపిడోటు అనే ఖనిజమైతే గాజుల దుకాణంలో గాజుల్లా పసుపు, గులాబి, నీలం రంగులు ఒలకబోస్తుంది. చేతిలో మొద్దులా ఉన్న రాయి లోపల ఇంత సంబరం!

ఈ రంగులు చదవడం ఫ్లోరెన్స్ నేర్చుకుంది. చదువు మధ్యలో, చదువయ్యాక కూడా టీచరుగా పనిచేసింది. నల్లజాతి పిల్లలు, రెడ్ ఇండియన్ పిల్లలు చదువుకునే హాంప్టన్ సంస్థలో ఒక ఏడాది, రాక్‌ఫర్డ్‌లో రెండేళ్లు పాఠాలు చెప్పింది. జీతం వస్తోంది, గౌరవం ఉంది. చాలామంది అక్కడితో ఆగిపోయేవారే. ఆమె ఆగలేదు.

క్లాసులో తెర

రాళ్లను మైక్రోస్కోపులో చదవడంలో అమెరికాలో పేరున్న గురువు జార్జి హంటింగ్టన్ విలియమ్స్. ఆయన ఉన్నది బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో. అక్కడ ఆడవాళ్లకు ప్రవేశం లేదు!

ఫ్లోరెన్స్ దరఖాస్తు పెట్టుకుంది. పెద్దలు తర్జనభర్జనలు పడి 1891లో ఒక వింత ఏర్పాటు చేశారు. విద్యార్థినిగా చేర్చుకోరు. కానీ వచ్చి పాఠం వినవచ్చు. ఎక్కడ కూర్చుని? గది మూలన, తెర వెనుక! మగపిల్లల దృష్టి చెదరకూడదట.

ఒక్కసారి ఊహించుకోండి. అప్పటికే మాస్టర్స్ చదివి, ఎందరికో పాఠాలు చెప్పిన మనిషి. వయసు ముప్ఫైకి దగ్గరపడింది. ఆమెను ముసుగు పెళ్లికూతురిలా తెర వెనుక కూర్చోబెట్టారు. నల్లబల్ల మీద గురువు గీసేది కనిపిస్తుందో లేదో తెలియదు. అవమానమని లేచి వచ్చేస్తే ఎవరూ తప్పుపట్టరు. అదే విశ్వవిద్యాలయంలో క్లాసులకు రానివ్వకపోవడంతో అంతకుముందు ఎం. కేరీ థామస్ అనే యువతి చదువు మానుకుని వెళ్లిపోయింది. ఇంకొకామె, గణితంలో దిట్ట క్రిస్టీన్ లాడ్ ఫ్రాంక్లిన్, 1882 నాటికే చదువు పూర్తిచేసినా పట్టా చేతికివ్వలేదు. ఆ పట్టా ఆమెకు దక్కింది 1926లో, నలభై నాలుగేళ్ల తర్వాత!

ఫ్లోరెన్స్ తెర వెనుకే కూర్చుంది. పాఠం వింది. తెర అక్కరలేని చోటు ఒకటుంది కదా, కొండ! సెలవుల్లో సుత్తి పట్టుకుని అక్కడికి వెళ్లింది.

సౌత్ మౌంటెన్ చిక్కుముడి

పెన్సిల్వేనియా, మేరీలాండ్ సరిహద్దులో సౌత్ మౌంటెన్ అనే కొండ వరుస ఉంది. అక్కడి రాళ్లు కొన్ని గులాబి, ఊదా రంగుల్లో ఉంటాయి, కొన్ని పచ్చగా ఉంటాయి. అవి నీటి అడుగున పేరుకున్న ఇసుక, బురద గట్టిపడి ఏర్పడ్డ రాళ్లని అంతకుముందు పనిచేసిన పెద్దలు అనుకున్నారు. పైకి చూస్తే అలాగే ఉన్నాయి మరి.

విలియమ్స్‌కు అనుమానం వచ్చింది. ఆ అనుమానం తీర్చే పని ఫ్లోరెన్స్ చేపట్టింది. ముక్కలు ఏరుకొచ్చి, పలచగా అరగదీసి, ఒక్కొక్కటే మైక్రోస్కోపు కింద పెట్టింది. ఏం కనిపించింది? అగ్నిపర్వతం ఆనవాళ్లు!

ఇది అర్థం కావాలంటే వంటింట్లోకి వెళదాం. పంచదార పాకం ముదిరాక పళ్లెంలో పోస్తే గాజులా నిగనిగలాడుతుంది. అదే కొన్నాళ్లు ఉంచితే మెరుపు పోయి, లోపల పలుకులు కట్టి రవ్వరవ్వగా అవుతుంది. లావా కూడా అంతే. గబుక్కున చల్లారితే గాజు అవుతుంది. కోట్ల ఏళ్లలో ఆ గాజు మెల్లమెల్లగా సన్నని పలుకులుగా మారిపోతుంది. గాజు పోయినా పాకం జారిన చారలు మిగులుతాయి. గాజులో పుట్టిన గుండ్రటి పూసలు, చల్లారేటప్పుడు పడ్డ వంపు పగుళ్లు మిగులుతాయి. దోసె మీద చిల్లుల్లా లావాలో గాలి బుడగలు వదిలిన గుంటలు కూడా మిగులుతాయి. ఫ్లోరెన్స్ వీటినే పట్టుకుంది.

మరి పచ్చరంగు ఎక్కడిది? లావా చల్లారాక భూమి లోపలి వేడి, ఒత్తిడి, వేడినీళ్లు దాన్ని మార్చేశాయి. చింతపండును వేడినీళ్లలో నానబెడితే రసం దిగుతుంది కదా! రాతి పగుళ్లలో తిరిగే వేడినీరు కూడా అలాగే రాయిలోని పదార్థాలను లాక్కుంటుంది. ఇంకోచోట వదులుతుంది. నీళ్లు కాచే బిందెలో తెల్లటి పొర కట్టినట్టు పగుళ్లలో, గుంటల్లో కొత్త ఖనిజాలు పేరుస్తుంది. నల్లటి లావాలో మొదట ఉన్న ఖనిజాలు చెదిరిపోయి పిస్తాకాయ రంగు ఎపిడోటు, ముదురాకుపచ్చ క్లోరైటు వచ్చి కూర్చుంటాయి. గాలి బుడగల గుంటలు క్వార్ట్జుతో, ఎపిడోటుతో నిండిపోతాయి. రాయి వేషం మారింది. పుట్టుక మారలేదు.

ఇలా మారిపోయిన పాత లావా రాళ్లకు ఫ్లోరెన్స్ కొత్త పేరు పెట్టింది. ఒకప్పుడు గాజులా ఉన్న రయొలైటు అనే అర్థం వచ్చేలా ఏపోరయొలైటు అంది. ఈ పరిశోధనకే 1893లో డాక్టరేటు వచ్చింది. జాన్స్ హాప్కిన్స్ నుంచి ఆ పట్టా అందుకున్న మొదటి మహిళ ఆమె. అదీ ప్రత్యేక అనుమతి మీద ఇచ్చినదే. అక్కడ ఆడవాళ్లకు పై చదువుల తలుపులు మామూలుగా తెరుచుకుంది 1907లో. ఆమెను నమ్మిన గురువు విలియమ్స్ మాత్రం మరుసటి ఏడాదే టైఫాయిడ్‌తో కన్నుమూశాడు. ఆయన వయసు ముప్ఫై ఎనిమిది.

స్టోరు రూములో మొదలుపెట్టి...

రెండేళ్లు ఒహాయోలో పనిచేశాక 1895లో ఫ్లోరెన్స్ పెన్సిల్వేనియాలోని బ్రిన్ మార్ కాలేజీలో చేరింది. ఆడపిల్లల కాలేజీ అది. రాళ్ల చదువుకు అక్కడ వేరే విభాగమే లేదు. సైన్సు భవనం పై అంతస్తులో సామాన్లు దాచే చోటు చూపించారు. ఆమె అక్కడే మొదలుపెట్టింది. రాళ్లు, ఖనిజాలు, శిలాజాలు ఒక్కొక్కటే పోగుచేసింది. మైక్రోస్కోపులు తెప్పించింది. అమ్మాయిలను వెంటబెట్టుకుని కొండలకు తీసుకెళ్లింది.

నాలుగేళ్లు గడిచాయి. 1899లో కాలేజీ అధ్యక్షురాలు ఈ విభాగాన్ని తగ్గించేసి, ఇష్టమైతే చదువుకునే చిన్న పాఠంగా మార్చాలనుకుంది. ఆ అధ్యక్షురాలు ఎవరో తెలుసా? ఒకప్పుడు హాప్కిన్స్‌లో క్లాసులకు రానివ్వక వెనక్కి వచ్చిన ఎం. కేరీ థామసే! ఆడపిల్లల చదువు కోసం పోరాడిన మనిషే. కానీ డబ్బు లెక్కలు వచ్చేసరికి రాళ్ల చదువు అనవసరం అనిపించింది.

తెర వెనుక ఓపికపట్టిన ఫ్లోరెన్స్ ఈసారి ఊరుకోలేదు. అలా చేస్తే ఉద్యోగం వదిలేస్తానంది. చివరికి కాలేజీ పాలకవర్గం దిగివచ్చింది. విభాగం నిలబడింది. తన ఒక్కదానికే అయితే చిన్నచూపును భరించింది. తన వెనుక వచ్చే అమ్మాయిల దారి మూస్తామంటే భరించలేదు. ఆమె జీవితంలో మనం గుర్తుపెట్టుకోవాల్సిన తేడా ఇదే.

ఎండలో గుర్రం మీద, చలిలో మైక్రోస్కోపు ముందు

1896లో అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ ఆమెను ఉద్యోగంలోకి తీసుకుంది. ఆ సంస్థలో భూగర్భశాస్త్రవేత్తగా చేరిన మొదటి మహిళ ఆమే. వేసవి అంతా కొండలు, వాగులు, రాతి గనులు తిరగడం. గుర్రపు స్వారీ అంటే ఆమెకు ప్రాణం. నేల దాకా వేలాడే గౌనులు కట్టే రోజుల్లో సుత్తి పట్టుకుని రాళ్లు పగలగొడుతూ తిరిగింది. చలికాలంలో కాలేజీ పాఠాలు, మైక్రోస్కోపు. ఫిలడెల్ఫియా, ట్రెంటన్ ప్రాంతాల భూగర్భ పటాలు 1909లో వచ్చాయి. ఆ తర్వాత మరికొన్ని. ఏ రాయి ఎక్కడుంది, ఏది గట్టిది, నీరు ఎక్కడ దొరుకుతుంది అన్నవి చెప్పే పటాలివి.

1906లో ప్రొఫెసరు అయింది. అదే ఏడాది అమెరికాలో శాస్త్రవేత్తల వివరాలతో ఒక పుస్తకం వచ్చింది. అందులో మేటివారి పేర్ల పక్కన నక్షత్రం గుర్తు వేశారు. ఫ్లోరెన్స్ పేరు పక్కన కూడా నక్షత్రం పడింది. తమాషా ఏమిటంటే ఆ పుస్తకం పేరు అమెరికన్ మెన్ ఆఫ్ సైన్స్! పురుషుల పుస్తకంలో ఈమె నక్షత్రం.

అంత పేరు వచ్చాక కూడా మళ్లీ విద్యార్థి అయింది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ వెళ్లి విక్టర్ గోల్డ్‌ష్మిట్ దగ్గర స్ఫటికాల చదువు నేర్చుకుని వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై నాలుగేళ్లు.

శిష్యురాళ్లే ఎదురు నిలిచారు

ఆమె చేతుల మీదుగా వచ్చిన అమ్మాయిలు ఎందరో! ఇడా ఓగిల్వీ న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీలో భూగర్భశాస్త్ర విభాగం పెట్టింది. జూలియా గార్డ్‌నర్ శిలాజాల నిపుణురాలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నుంచి గాలిలో తేలివచ్చిన బెలూన్ బాంబులకు ఇసుక సంచులు కట్టి ఉండేవి. ఆ ఇసుక ఏ సముద్ర తీరానిదో కనిపెట్టిన బృందంలో ఆమె పనిచేసింది. ఇసుక రేణువు చూసి శత్రువు ఊరు చెప్పడమంటే మాటలా!

ఎలియనోరా బ్లిస్ 1913లో పెన్సిల్వేనియాలో గ్లాకోఫేన్ అనే నీలి ఖనిజాన్ని గుర్తుపట్టింది. అప్పటిదాకా అమెరికాలో అది పసిఫిక్ తీరంలోనే ఉందనుకునేవారు. ఈ ఎలియనోరా, ఇంకో శిష్యురాలు అన్నా జోనాస్ కలిసి తర్వాత గురువుతోనే వాదనకు దిగారు. ఫిలడెల్ఫియా చుట్టుపక్కల రాళ్ల వయసు, అమరిక విషయంలో ఫ్లోరెన్స్ మాట సరికాదన్నారు. ఆమె తన మాట మీదే నిలబడింది. ఇరుపక్షాలూ పటాలు, వ్యాసాలు అచ్చువేసుకున్నాయి.

చేతిలో పెరిగిన పిల్లలు ఎదురుచెబితే ఏ తల్లికైనా కష్టంగానే ఉంటుంది. కానీ ఆలోచిస్తే, నేర్పిన విద్య వాళ్లకు పట్టుబడిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంది? పెద్దల మాట విని ఊరుకోకుండా రాయినే అడగమని నేర్పింది ఆమే కదా!

1928లో కాలేజీ నుంచి రిటైరైంది. 1930లో అమెరికా భూగర్భశాస్త్ర సంఘానికి ఉపాధ్యక్షురాలైంది. సర్వే పని 1936 దాకా వదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. చివరి రోజులు పుట్టిన ఊరి పక్కనే కొండ మీది పొలంలో గడిపింది. 1945 జూన్ 18న, ఎనభై మూడేళ్లు నిండటానికి దాదాపు నెల రోజుల ముందు కన్నుమూసింది. శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది.

ఆ విద్య ఇప్పుడు...

ఇక మన వైపు వద్దాం. నీళ్ల బోరులో రాయి పొడి అయి వస్తుంది. ఖనిజాల కోసం వేసే బోరులో అలా కాదు. వజ్రాలు పొదిగిన గుల్ల గొట్టంతో తొలుస్తారు. చెరకు గడల్లాంటి గుండ్రటి రాతి ముక్కలు బయటికొస్తాయి. వాటిని గళ్ల పెట్టెల్లో వరుసగా పేర్చి, ఎంత లోతునుంచి వచ్చిందో రాసిపెడతారు. నిజాం కాలంలో పరకాలతోపాటు ఒకే సంస్థానంలో ఉండి, 1956లో కర్ణాటక వైపు వెళ్లిన రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గని ఉంది. అక్కడ బంగారం దొరికేది కూడా వేడినీళ్లు తిరిగి మారిపోయిన పాత లావా రాళ్లలోనే.

ముక్కను తడిపి చూస్తారు, రంగు తేటపడుతుంది. చాకుతో గీస్తారు. కాల్సైటు మీద గీత పడుతుంది, క్వార్ట్జు మీద పడదు. ఆమ్లం చుక్క వేస్తారు, కాల్సైటైతే బుసబుసా పొంగుతుంది. కంసాలి గీటురాయి లాంటి పరీక్షా ఉంది. పసుపుగా మెరిసే పైరైటును చూసి బంగారమని మోసపోయినవాళ్లు ఎందరో! తెల్లటి పింగాణీ పలక మీద రుద్దితే బంగారం పసుపు గీత పెడుతుంది, పైరైటు నల్ల గీత పెడుతుంది. ఇప్పుడు ఎక్స్-రే యంత్రాలు వచ్చాయి, కంటికి కనిపించని కాంతితో మట్టి ఖనిజాలను చెప్పే పరికరాలు వచ్చాయి. అయినా వెంట్రుక కంటే పలచగా అరగదీసిన రాతిపలక పని పోలేదు. ఫ్లోరెన్స్ చూసినట్టే ఇవాళా చూస్తున్నారు.

ఎపిడోటు, క్లోరైటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో చూస్తే వేడినీళ్లు ఏ దారిన వెళ్లాయో తెలుస్తుంది. ఆ దారి పట్టుకుని వెళితే రాగి, బంగారం దొరకవచ్చు. దొరకకపోనూ వచ్చు. ఏదైనా తప్పు చదివితే కోట్ల రూపాయల బోర్లు వృథా!

రాళ్లు పగలగొట్టే చదువు ఆడపిల్లకెందుకు, కొండలు పట్టుకు తిరగడమేమిటి అనే మాట మన ఇళ్లలోనూ వినిపిస్తుంది. గదిలో తెర కట్టరు, మాటలతో కడతారు. ఈసారి మీ వీధిలో బోరు బండి ఆగితే ఇంట్లో అమ్మాయిని పిలవండి. రంగు మారినప్పుడల్లా గుప్పెడు దుమ్ము కాగితంలో పొట్లం కట్టి, ఎన్ని అడుగుల దగ్గర వచ్చిందో రాసిపెట్టమనండి. పొట్లాలన్నీ వరుసగా పరిచాక ఏది ఎందుకు మారిందని తనే అడుగుతుంది.